తిరిగి రాని నోట్లు

నాణేలు సేకరించేవాళ్ల క్లబ్బులు సొంతంగా నోట్లు అచ్చేసుకుంటాయని చెబితే బయటివాళ్లు ముందు ఒకటే అడుగుతారు, "అది నేరం కాదా?" అని. హద్దుల్లో ఉంటే కాదు. ఆ హద్దుల సంగతి కాసేపాగి చెబుతాను, ఎందుకంటే నాకు అంతకన్నా ముఖ్యమనిపించేది ఇంకొకటుంది. అలా అచ్చయిన నోట్లు మొత్తం ఎన్ని, ఎవరి చేతికి వెళ్లాయి, ఎన్ని తిరిగొచ్చాయి, ఎన్నిటిని తగలబెట్టారు అనే లెక్క. నోటు ఎంత అందంగా ఉన్నా సరే, ఆ లెక్క లేకపోతే దాని చరిత్ర సగం పోయినట్టే.

క్లబ్బుల్లో వీటిని వాడే పద్ధతి ఇంచుమించు ఒకటే. మీటింగుకి వస్తే ఒక నోటు, నాణేల గురించి ఏదైనా చదువుకొచ్చి నలుగురి ముందు మాట్లాడితే ఇంకొన్ని, కొత్త సభ్యుణ్ణి తీసుకొస్తే మరికొన్ని. అప్పుడప్పుడు క్లబ్బు లోపలే ఒక వేలం పెడతారు, అందులో అసలు డబ్బు చెల్లదు, ఈ నోట్లతోనే పాడుకోవాలి. నాకు ఇందులో బాగా నచ్చేది ఏంటంటే, జేబులో పైసా లేని పిల్లాడు కూడా ఏడాది పొడవునా క్రమం తప్పకుండా వస్తే చాలు, పెద్దవాళ్లతో సమానంగా పోటీపడి తనకి కావలసిన నాణెం పాడుకోగలడు. మా క్లబ్బులో అలా మొదలుపెట్టి ఇప్పుడు పెద్ద పెద్ద సేకరణలు ఉన్నవాళ్లు ఉన్నారు.

మా మొదటి నోట్లు ఒకవైపే అచ్చయినవి. దళసరి కాగితం, చుట్టూ ఆకుపచ్చ అంచు, మధ్యలో క్లబ్బు ముద్ర, కింద అధ్యక్షుడిదీ కోశాధికారిదీ సంతకాలు. ఆ సంతకాలు అచ్చులో వచ్చినవి కావు, ప్రతి నోటు మీదా కూర్చుని పెన్నుతో పెట్టినవి. నంబర్లేమో చేత్తో గుద్దే నంబరింగ్ మిషన్‌తో వేశారు, అందుకే కొన్ని నోట్ల మీద అంకెలు పక్కకి ఒరిగి ఉంటాయి, ఇంకు ఎక్కువైన చోట 8 కాస్తా పూడిపోయి నల్లటి చుక్కలా కనిపిస్తుంది. ఈ నోట్ల కన్నా నేను ఎక్కువ విలువిచ్చేది అప్పటి కోశాధికారి రాసిపెట్టిన ఒక గీతల పుస్తకానికి. ప్రతి పేజీలో నాలుగు గడులు: నోటు నంబరు, తీసుకున్నవారు, ఇచ్చిన తేదీ, తిరిగొచ్చిన తేదీ. మొదటి పేజీల్లో నాలుగో గడి బాగానే నిండి ఉంటుంది. పేజీలు తిప్పేకొద్దీ ఖాళీలు పెరుగుతాయి, చివరికి వచ్చేసరికి ఆ గడిలో దాదాపు ఏమీ ఉండదు. అంటే మొదట్లో సభ్యులు నోట్లు తెచ్చి వేలంలో ఖర్చుపెట్టారు, తర్వాత్తర్వాత దాచుకోవడం మొదలుపెట్టారు. దాచుకోక ఏం చేస్తారు, అసలు ఆ క్లబ్బులో చేరిందే డబ్బుని ఖర్చుపెట్టకుండా దాచుకునే అలవాటున్నవాళ్లు కదా.

ఇది మా ఒక్కళ్ల కథ కాదు. సొంత కాగితం డబ్బు పుట్టిన చాలాచోట్ల ఇదే జరిగింది.

జర్మనీలో నోట్‌గెల్డ్, అంటే అత్యవసర డబ్బు, సంగతే చూడండి. 1914లో మొదటి ప్రపంచ యుద్ధం మొదలవగానే జనం వెండి నాణేలు బయటికి తీయడం మానేశారు, ఇంట్లో దాచేశారు. అంగళ్లలో చిల్లర లేదు, ఫ్యాక్టరీల్లో కూలీ ఇవ్వడానికి చిల్లర లేదు. ఊళ్ల పాలక మండళ్లు, కంపెనీలు ఎవరికి వాళ్లు చిన్న విలువల నోట్లు అచ్చేసుకున్నారు. యుద్ధం సాగేకొద్దీ రాగి, నికెల్ లాంటి లోహాలన్నీ ఆయుధాలకి పోయాయి, దాంతో చిల్లర కరువు ఇంకా ముదిరింది. ఇంతవరకూ అవసరం కొద్దీ జరిగిందే. యుద్ధం ముగిశాక అసలు మలుపు వచ్చింది. ఈ నోట్లని జనం ఆల్బమ్‌లలో పెట్టుకుంటున్నారని ఊళ్లు గమనించాయి. యాభై ఫెనిగ్‌ల నోటు (వంద ఫెనిగ్‌లు ఒక మార్కు) అచ్చేసి అమ్మితే, కొన్నవాడు దాన్ని ఎప్పటికీ తిరిగి తేకపోతే, అచ్చు ఖర్చు పోను మిగిలినదంతా ఊరి ఖజానాకే. ఇక ఆగుతారా? సిరీస్‌లకి సిరీస్‌లు వేశారు. హామెల్న్ పట్టణం, వేణువు ఊది ఎలుకలని తన వెంట తీసుకుపోయినవాడి కథని నోట్ల మీద వేసుకుంది. నౌంబుర్గ్ నోట్ల మీద వాల్టర్ హేగె గీసిన నల్లటి నీడబొమ్మలు ఉంటాయి, చిన్నపిల్లలు, చెర్రీ పళ్లు, అవి ఆ ఊరి చెర్రీ పండగ వెనకున్న కథలోని బొమ్మలు. ఏ ఊరికి ఏ కథ ఉంటే ఆ కథ, ఏమీ లేకపోతే ఊరి చర్చి గోపురమైనా సరే.

ఈ సిరీస్ నోట్లలో కొన్నిటిని చేతిలోకి తీసుకుని చూస్తే మడత ఒక్కటి కూడా ఉండదు. వందేళ్లు దాటినా ప్రెస్సు నుంచి నిన్న వచ్చినట్టుంటాయి. అవి ఎప్పుడూ ఏ అంగట్లోనూ చేతులు మారలేదు, అందుకే అలా ఉన్నాయి. కొన్నిటి మీద చెల్లుబాటు తేదీ ఎంత దగ్గరగా ఉంటుందంటే కొన్నవాడు ఆల్బమ్‌లో పెట్టుకునే లోపే గడువు అయిపోయి ఉంటుంది, కొన్నయితే గడువు దాటాకే అమ్మకానికి వచ్చాయి. ఇలాంటివాటిని డబ్బు అనడానికి నాకు మనసొప్పదు. మరీ కఠినంగా మాట్లాడుతున్నానని మా క్లబ్బులో కొందరు అంటారు గానీ, నోటు ఇచ్చినవాడు దాన్ని తిరిగి తీసుకునే ఉద్దేశమే లేకుండా ఇచ్చాడంటే అక్కడ పూచీ ఏముంది? బొమ్మ ఉంది, అంతే. 1922 జులైలో జర్మన్ ప్రభుత్వం ఈ సిరీస్ నోట్లని నిషేధించింది, నా దృష్టిలో అది సబబే.

బీలెఫెల్డ్ నోట్ల విషయంలో మాత్రం నాకు కాస్త మెత్తదనం ఉంది, ఒప్పుకుంటాను. ఆ ఊరు నారబట్టకి పేరుపడింది. అక్కడి నగర పొదుపు బ్యాంకు కాగితంతో ఆగకుండా పట్టు మీద, నారబట్ట మీద, మఖమల్ మీద కూడా నోట్లు అచ్చేసింది, కొన్నిటికి అంచున లేసు కూడా కుట్టారు. పట్టు నోటుని వెలుతురులో కొద్దిగా వంచి చూస్తే రంగు మారుతూ ఉంటుంది, అక్షరాలు దారపు పోగుల మీద ఎక్కడం వల్ల అంచులు కాగితం మీదంత పదునుగా రావు, వేలితో తడిమితే ఇంకు పొర తెలుస్తుంది. వాటిని ప్రపంచమంతా ఉన్న సేకర్తలకి అమ్ముకున్నారు. ఇవీ సేకర్తల కోసం చేసినవేగా అని అడగొచ్చు. నిజమే, కానీ తమ ఊరి వృత్తిని తమ నోటుగా చేసుకోవడంలో ఒక నిజాయితీ ఉంది. సాక్సనీ కోసం మైసెన్ పింగాణీ కర్మాగారం పింగాణీతోనే నాణేలు చేసింది కదా, అదీ అలాంటిదే.

ఆ తర్వాత వచ్చిన ద్రవ్యోల్బణంలో ఊళ్లు మళ్లీ నోట్లు వేయాల్సొచ్చింది, ఈసారి ఆల్బమ్‌ల కోసం కాదు, జీతాలివ్వడానికి. 1923 నవంబరులో రెంటెన్‌మార్క్ అనే కొత్త కరెన్సీ వచ్చేనాటికి లక్ష కోట్ల పాత మార్కులకి ఒక్క కొత్త మార్కు లెక్క. ఆ నోట్లు వెనకవైపు ఖాళీగా, బొమ్మా గిమ్మా లేకుండా, గబగబా అచ్చేసినట్టుంటాయి. నిజంగా చేతులు మారిన డబ్బు అది.

ఇన్ని వేల ఊళ్లు, కంపెనీలు, ఇన్ని రకాల నోట్లు ఉంటే ఈరోజు మనం ఏ నోటు ఏదో గుర్తుపట్టగలుగుతున్నామంటే ఆర్నాల్డ్ కెల్లర్ లాంటివాళ్ల పుణ్యమే. ఆయన నోట్‌గెల్డ్‌ని పట్టుదలగా జాబితాలుగా రాసిపెట్టాడు, ఆయన ఇచ్చిన నంబర్లనే ఇప్పటికీ సేకర్తలు వాడతారు. నోటు అచ్చేసినవాళ్లు లెక్క రాయని చోట ఒక సేకర్త కూర్చుని రాయాల్సొచ్చింది.

అమెరికాలో టెనైనో కథ ఇంకో రకం. వాషింగ్టన్ రాష్ట్రంలో చిన్న ఊరు. 1931 డిసెంబరులో ఆ ఊరి బ్యాంకు మూతపడింది, జనం డబ్బు లోపల ఇరుక్కుపోయింది, బయట సరుకులు కొనడానికి ఎవరి దగ్గరా ఏమీ లేదు. వర్తక సంఘం ఒక ఉపాయం చేసింది: బ్యాంకులో ఇరుక్కున్న తమ డిపాజిట్‌లో 25 శాతం వరకూ సంఘానికి రాసిస్తే, దానికి బదులుగా స్థానికంగా చెల్లే నోట్లు ఇస్తారు. ముందు కాగితం మీద వేశారు. తర్వాత ఊరి పత్రిక నడిపే డాన్ మేజర్ పలచటి చెక్క పొర మీద అచ్చేశాడు. స్ప్రూస్, సెడార్ చెట్ల చెక్కని కాగితమంత పలచగా కోసి దాని మీద అచ్చు కొట్టడం. ఊరికి కలపే బతుకుతెరువు కాబట్టి చెక్క దొరకడం కష్టం కాదు గానీ, అంత పలచటి చెక్క పగిలిపోతుంది, అందుకని తర్వాతి విడతల్లో రెండు చెక్క పొరల మధ్య కాగితం పెట్టి అతికించారు.

చెక్క డబ్బు అన్న వార్త పత్రికల్లో రాగానే దేశమంతటా సేకర్తలు ఉత్తరాలు రాసి డబ్బు పంపి కొనడం మొదలుపెట్టారు. ఫలితం మీకు తెలిసిందే, అచ్చయిన చెక్క నోట్లలో చాలా కొద్దిమటుకే తిరిగి మార్చుకోవడానికి వచ్చాయి. కానీ ఇక్కడ ఒక తేడా ఉంది, దాని కోసమే నేను టెనైనోని నోట్‌గెల్డ్ సిరీస్‌లతో ఒకే గాటన కట్టను. టెనైనో నోటు వెనక ఒక నిజమైన బ్యాంకు డిపాజిట్ ఉంది, ఇచ్చినవాళ్లెవరో పుచ్చుకున్నవాళ్లకి తెలుసు, తెస్తే తీసుకునే ఉద్దేశంతోనే ఇచ్చారు. జనం తేలేదు, అది వేరే సంగతి.

2020లో మహమ్మారి సమయంలో అదే ఊరు మళ్లీ చెక్క నోట్లు అచ్చేసింది. మ్యూజియంలో ఉన్న 1890 నాటి అచ్చు యంత్రాన్నే నడిపారు. ఒక్కోటి 25 డాలర్ల నోటు, ఆదాయం దెబ్బతిన్నట్టు చూపించినవాళ్లకి నెలకి 300 డాలర్ల వరకూ, ఊరి నిధి నుంచి 10,000 డాలర్లు దాని వెనక పెట్టారు, మద్యానికీ పొగాకుకీ చెల్లవన్నారు. ఎనభై ఎనిమిదేళ్ల తర్వాత అదే ఊళ్లో అదే పద్ధతి పనికొచ్చిందంటే పాత సామాను ఒకరు జాగ్రత్తపెట్టడం వల్లే కదా. నేను ఆ యంత్రాన్ని చూడలేదు, చూడాలని మాత్రం చాలా ఉంది.

కాలిఫోర్నియాలో పిస్మో బీచ్ అయితే 1933లో బ్యాంకులు మూసేసినప్పుడు సముద్రపు గవ్వచిప్పల మీద విలువ రాసి వాడింది. చిప్పకి నంబరుంటుంది, చేతులు మారినప్పుడల్లా వెనక సంతకం పెట్టాలి. చూడండి, చిప్ప మీద కూడా నంబరు, సంతకం! అదే ఏడాది షికాగోలో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో చెక్క నికెళ్లు (నికెల్ అంటే అక్కడి ఐదు సెంట్ల నాణెం) జ్ఞాపికలుగా అమ్మారు, అక్కణ్ణుంచి ఆ అలవాటు నాణేల క్లబ్బులకి పాకింది, వార్షికోత్సవమో ప్రదర్శనో వస్తే ఒక చెక్క నికెల్ వేయడం అమెరికా, కెనడా క్లబ్బుల్లో ఇప్పటికీ ఉంది. క్లబ్బు కాగితం నోట్లని నేను వీటికి తోబుట్టువుల్లాగే చూస్తాను.

దాచుకునేవాళ్లతో పడలేక, నోటు దాచితే నష్టం వచ్చేలా చేసిన ఊరు కూడా ఒకటుంది. ఆస్ట్రియాలో వ్యోర్గల్. 1932లో అక్కడి మేయరు మిఖాయెల్ ఉంటర్‌గుగెన్‌బెర్గర్ 1, 5, 10 షిల్లింగ్‌ల నోట్లు తెచ్చాడు, ప్రతి నెలా నోటు విలువలో ఒక శాతం స్టాంపు కొని అతికిస్తేనే అది చెల్లుతుంది. కాబట్టి చేతికి రాగానే వదిలించుకోవాలని చూస్తారు, డబ్బు తిరుగుతుంది, పనులు జరుగుతాయి. జరిగాయి కూడా, రోడ్లు వేశారు, పన్ను బకాయిలు వసూలయ్యాయి. 1933లో ఆస్ట్రియా కేంద్ర బ్యాంకు ఆపించేసింది. తమాషా ఏంటంటే దాచుకోకూడదని అంత పకడ్బందీగా చేసిన నోటు కూడా సేకర్తల ఆల్బమ్‌లలో భద్రంగా ఉంది, స్టాంపులతో సహా.

పెద్ద కంపెనీలకీ ఈ సంగతి తెలుసు. డిస్నీ తన పార్కుల్లో 1987 నుంచి 2016 వరకూ డిస్నీ డాలర్లు అమ్మింది, డాలరుకి డాలరే, కానీ మిక్కీ బొమ్మ ఉన్న నోటుని ఖర్చుపెట్టకుండా ఇంటికి పట్టుకెళ్లినవాళ్లు ఎంతోమంది. కెనడాలో కెనడియన్ టైర్ అనే దుకాణాల కంపెనీ 1958లో తన పెట్రోలు బంకుల దగ్గర బోనస్‌గా ఇవ్వడం మొదలెట్టిన నోట్లకయితే ప్రత్యేకంగా సేకర్తల క్లబ్బే ఉంది. ఈ రెండిటి గురించి ఇంతకన్నా చెప్పాలని నాకు లేదు, అవి వ్యాపారం.

ఇక ముందు వాయిదా వేసిన హద్దుల సంగతి. ఏ దేశంలోనైనా ప్రభుత్వాలు భయపడేది ఒకటే, ఎవరో అచ్చేసిన కాగితం అసలు డబ్బుకి బదులుగా తిరగడం. అమెరికాలో అంతర్యుద్ధం రోజుల్లో చిల్లర మాయమై అంగళ్లవాళ్లు ఎడాపెడా చిన్న నోట్లు వేస్తుంటే, డబ్బులా చెలామణి అవడానికి డాలరు కన్నా తక్కువ విలువ నోట్లు ప్రైవేటువాళ్లు వేయకూడదని 1862లో చట్టం తెచ్చారు. దాని తర్వాత 1865లో రాష్ట్రాల బ్యాంకుల నోట్ల మీద పది శాతం పన్ను వేసి వాటిని మొత్తంగా ముగించేశారు. భారతదేశంలో 1934 నాటి రిజర్వ్ బ్యాంకు చట్టం 31వ సెక్షను చాలా స్పష్టంగా ఉంటుంది, "తెచ్చినవారికి అడిగిన వెంటనే చెల్లిస్తాం" అనే కాగితం రిజర్వ్ బ్యాంకు, కేంద్ర ప్రభుత్వం తప్ప ఇంకెవరూ జారీ చేయకూడదు. అందుకే క్లబ్బు నోటు మీద డబ్బు చెల్లిస్తామనే మాట ఉండకూడదు, దేశపు కరెన్సీ పేరు ఉండకూడదు, చూడ్డానికి అసలు నోటులా అస్సలు ఉండకూడదు. మా నోట్ల మీద విలువని పాయింట్లుగా రాస్తాం, క్లబ్బు వేలంలో తప్ప ఎక్కడా చెల్లదని ముందువైపే ఉంటుంది. కొందరు అది వెనక చిన్న అక్షరాల్లో వేద్దామంటారు, నేను ఒప్పుకోను.

పాత అమెరికన్ ప్రైవేటు బ్యాంకు నోట్లు సేకరించేవాళ్లకి ఒక విషయం తెలుసు. వాటిలో చాలా నోట్లు మనదాకా సంతకం పడకుండానే వచ్చాయి, షీట్లకి షీట్లు. బ్యాంకు అచ్చేయించుకుంది, జారీ చేసేలోపే మూతపడింది, ఖాళీ నోట్లు మిగిలిపోయాయి. వాటి మీద తర్వాతెవరో కూర్చుని సంతకాలు గిలికి, నంబర్లు రాసి, "జారీ అయిన నోటు" అని అమ్మినవి కూడా ఉన్నాయి. క్లబ్బు నోట్లకీ సరిగ్గా ఈ ప్రమాదమే ఉంది. అచ్చు మిగిలిపోయిన కాగితాలు ఎవరి అల్మారాలోనో ఉండిపోతాయి, వాళ్లు పోయాక పాత కాగితాలవాడి దగ్గరికి చేరతాయి, అక్కడి నుంచి "అరుదైనది" అనే పేరుతో అమ్మకానికి వస్తాయి. ఏ నంబరు దాకా నిజంగా జారీ అయిందో రాసిపెట్టి ఉంటే ఒక్క నిమిషంలో తేలిపోతుంది. లేకపోతే జీవితాంతం వాదించుకోవడమే.

ఇంకొకటి కూడా తేల్చుకోవాలి, చాలా క్లబ్బులు దీన్ని తప్పించుకుంటాయి. ఒక పాత సభ్యుడు చనిపోయాక వాళ్ల అమ్మాయి ఒక కవరు పట్టుకుని వస్తుంది, లోపల ఎన్నో ఏళ్ల క్లబ్బు నోట్లు. "ఇవి ఇంకా చెల్లుతాయా అంకుల్?" అని అడుగుతుంది. మా దగ్గర ఇలా జరిగింది. గడువేమీ రాయలేదు కాబట్టి చెల్లవని చెప్పే హక్కు మనకి లేదని నేనన్నాను. ఒకేసారి అన్ని పాయింట్లు వేలంలోకి వస్తే మిగతావాళ్లకి అన్యాయం కదా అని ఇంకొందరన్నారు, అందులోనూ నిజముంది. చివరికి ఆ అమ్మాయి పాడుకున్న నాణేలు మూడు విడతల వేలాల్లో సర్దాం, గీతల పుస్తకంలో ఆ నంబర్లన్నిటి ఎదురుగా నాలుగో గడి నింపాం. పుస్తకం లేకపోయుంటే అవి నిజంగా వాళ్ల నాన్నకి ఇచ్చినవో కాదో చూడ్డానికి దారే లేదు, పాపం ఆమెని అనుమానించాల్సొచ్చేది.

ఇప్పుడు కొత్త విడత నోట్లు వేయబోతున్నాం. డిజైన్ మీద ఎవరి అభిప్రాయాలు వాళ్లకున్నాయి, రెండువైపులా రంగుల్లో వేద్దామని కుర్రాళ్లు, పాత ఆకుపచ్చ అంచే ఉండాలని పెద్దవాళ్లు, నాకు ఏదైనా ఫరవాలేదు. నేను పట్టుబట్టింది వేరే వాటి గురించి. ఎన్ని అచ్చయ్యాయో ప్రెస్సువాడి బిల్లుతో సహా పుస్తకంలో ఉండాలి. చెడిపోయిన షీట్లు ఇంటికి పట్టుకెళ్లకూడదు, ఇద్దరు సభ్యుల ముందు చింపి సంతకాలు పెట్టాలి. జిరాక్సు తీస్తే తెలిసిపోయేలా ఉబ్బెత్తు ముద్ర వేయాలి. చెల్లుబాటు తేదీ వేస్తే అది కనీసం కొన్నేళ్ల ముందుకు ఉండాలి, లేదా అసలు వేయకూడదు. తిరిగొచ్చిన నోట్లని మళ్లీ జారీ చేయకుండా మూల కత్తిరించి ఉంచాలి. అన్నిటికీ ఒప్పుకున్నారు, ఉబ్బెత్తు ముద్ర ఖర్చు మీద మాత్రం ఇంకా మాట్లాడుకుంటున్నాం. పుస్తకం కాపీ ఒకటి కోశాధికారి దగ్గర, ఒకటి అధ్యక్షుడి దగ్గర ఉంటుంది, మూడోది దగ్గర్లోని లైబ్రరీకి ఇద్దామని నేనడిగాను, దాని మీద వచ్చే మీటింగులో ఓటింగు.